మేడ మీది ట్యాంకుకు ఆటోమేటిక్ మోటారు స్విచ్: ఉప్పుగాలికి నిలిచేలా కట్టుకోవడం

విశాఖలో ఇంట్లో కట్టుకున్న ట్యాంకు కంట్రోలర్ మొరాయిస్తే ముందు అనుమానించాల్సింది ట్యాంకులోని సెన్సరును, తర్వాత అక్కణ్ణుంచి కిందికి దిగే కేబుల్‌ను. రిలే డబ్బా వంతు ఆ తర్వాతే. అందుకే ఈ పనిని పైనుంచి కిందికి చేసుకురావడం మంచిది: మొదట ట్యాంకు, తర్వాత కేబుల్, ఆఖర్న సర్క్యూటు.

ఇక్కడ చెప్పే స్విచ్ మూడు పనులు చేస్తుంది. పై ట్యాంకు పావు వంతుకు దిగితే మోటారు వేస్తుంది, నిండగానే ఆపుతుంది, మధ్యలో సంపు ఖాళీ అయినా ఆపుతుంది. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) నీళ్లు వచ్చే వేళల్లో సంపు నింపుకుని, అక్కణ్ణుంచి 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోనోబ్లాక్ పంపుతో పైకి ఎక్కించుకునే ఇళ్లకు ఇది సరిపోతుంది. బోరులోకి దించిన సబ్‌మెర్సిబుల్‌కు కెపాసిటర్లున్న స్టార్టర్ పెట్టె వేరే ఉంటుంది. బటన్ నొక్కి వదిలేసే ఆ పెట్టెలకు ఈ వైరింగును ఉన్నదున్నట్టు తగిలించకండి.

ముందుగా, దేన్ని వాడకూడదో చూద్దాం. యూఎల్ఎన్2003 ఐసీకి రాగి తీగలు కలిపి, వాటి కొసల్ని నీళ్లలో ముంచి, ఎల్ఈడీలు వెలిగించే సర్క్యూటు కాలేజీ ప్రాజెక్టుల్లో ఎప్పుడూ కనిపిస్తుంది. బల్ల మీద గ్లాసులో అది చక్కగా పనిచేస్తుంది. ట్యాంకులో మాత్రం డీసీ కరెంటు రాత్రింబవళ్లు నీళ్లగుండా పారుతూనే ఉంటుంది. దాంతో పాజిటివ్ వైపు తీగ కరిగి చిలుము పడుతుంది, నెగెటివ్ తీగకు సున్నం పేరుకుంటుంది. తీరానికి దగ్గరి పేటల్లో బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైన చోట ఈ తంతు ఇంకా త్వరగా నడుస్తుంది. పైగా ఆ రాగి కలిసేది మనం వాడుకునే నీళ్లలోనే. స్టెయిన్‌లెస్ తీగలు వేస్తే కొన్నాళ్లు ఆలస్యమవుతుందేమో గానీ రోగం అదే. ఇలా నీళ్లలో ముంచే తీగలు (ప్రోబులు) వద్దు. అయస్కాంతం, రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికొస్తే కలిసే చిన్న స్విచ్) ఉన్న ఫ్లోట్లు, అంటే నీటితో లేచి దిగే బుంగ ఉన్న స్విచ్‌లు, వాడండి; వాటిలో కరెంటు నీటిని తాకదు.

కొనాల్సినవి: పాలీప్రొపిలీన్ వర్టికల్ ఫ్లోట్ స్విచ్‌లు 2, సంపు కోసం నల్లటి కేబుల్ ఫ్లోట్ 1, 12 వోల్టుల 1 ఆంపియర్ అడాప్టరు, 12 వోల్టుల కాయిల్ ఉన్న డీపీడీటీ రిలే (కాయిల్‌కు కరెంటు ఇస్తే రెండు పోల్‌లు, అంటే రెండు జతల కాంటాక్టులు, ఒకేసారి మారే స్విచ్) బేస్‌తో సహా, 230 వోల్టుల కాయిల్ ఉన్న 9 ఆంపియర్ల ఏసీ-3 కాంటాక్టర్ (మోటారు లోడు మోసే పెద్ద రిలే), దానికి ఓవర్‌లోడ్ రిలే (మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేది), 1ఎన్4007 డయోడ్ 1, పుష్ బటన్ 1, మామూలు ఆన్-ఆఫ్ స్విచ్ 1, ఐపీ65 డబ్బా, కేబుల్ డబ్బాలోకి దూరే చోట బిగించే పీజీ9 గ్లాండ్లు 3, అవుట్‌డోర్ క్యాట్6 కేబుల్ కావలసినంత. డాబాగార్డెన్స్ వైపు ఎలక్ట్రానిక్స్ కొట్లలో రిలే, డయోడ్ లాంటివి అడగొచ్చు. కాంటాక్టర్ మాత్రం ఎలక్ట్రికల్ కొట్టు సరుకు.

ఫ్లోట్లను మేడ ఎక్కించేముందు మల్టీమీటరు కంటిన్యుటీలో పెట్టి చూడండి. బుంగ కిందికి వేలాడినప్పుడు బీప్ రావాలి, పైకి లేపితే ఆగాలి. రెండింటికీ ఇదే లెక్క. తిరగబడితే ఫ్లోట్ పాడైనట్టు కాదు. కింది క్లిప్ తీసి, బుంగను తలకిందులు చేసి మళ్లీ ఎక్కిస్తే పని తీరు మారుతుంది. తర్వాత బకెట్ నీళ్లలో పదిసార్లు ముంచి తీసి, ఎక్కడా అతుక్కోవడం లేదని తేల్చుకోండి.

ఫ్లోట్లు బిగించడానికి ట్యాంకు గోడకు బెజ్జం పెట్టకండి, అక్కడ కారడం మొదలైతే ఆపడం కష్టం. మూతలోంచి నిలువుగా ఒక అంగుళం పీవీసీ గొట్టం దించి, దాని అడుగు మూతను సాల్వెంట్ సిమెంటుతో మూసేయండి. గొట్టానికి 304 స్టెయిన్‌లెస్ పట్టీతో చేసిన రెండు ఎల్ బ్రాకెట్లు బిగించి, వాటికి ఫ్లోట్లు తగిలించండి. పై ఫ్లోట్ ఓవర్‌ఫ్లో పైపుకు ఓ 10 సెంటీమీటర్లు కింద, కింది ఫ్లోట్ ట్యాంకు ఎత్తులో పావు వంతు దగ్గర ఉంటే చాలు. నీళ్లు పడే ధారకు ఎదురు మూలన పెట్టాలి, లేకపోతే ఆ తాకిడికి బుంగ ఎగిరెగిరి పడుతుంది.

ఫ్లోట్‌తో వచ్చే తీగ సాధారణంగా ఓ జానెడు, మూరెడు మించి ఉండదు. కాబట్టి అతుకు ట్యాంకులోపలే పడుతుంది, చాలా ప్రాజెక్టులు చచ్చేది సరిగ్గా అక్కడే. గొట్టానికి 6 మిల్లీమీటర్ల బెజ్జం పెట్టి తీగను లోపలికి పంపి, బెజ్జాన్ని ఎపాక్సీ పుట్టీతో మూసి, ఒక రోజు ఆరనివ్వండి. అతుకులు గొట్టం లోపల ఉంటాయి. ఒక్కో అతుకును టంకం వేసి, లోపల జిగురు పూత ఉన్న హీట్‌ష్రింక్ తొడగండి. రెండు తీగల అతుకులు పక్కపక్కన రాకుండా 3 సెంటీమీటర్లు ఎడంగా వేయండి. మెలితిప్పి ఇన్సులేషన్ టేపు చుట్టే అలవాటును ఇంటి లోపలికే పరిమితం చేసుకోండి. మే నెల ఎండకు ఆ టేపు జిగురు కారి, చుట్టలు వాటంతటవే విడిపోతాయి.

కేబుల్ కొనేటప్పుడు ఒక తీగ కొస బ్లేడుతో గీకి చూడండి. లోపల వెండి రంగు కనబడితే అది రాగి పూత పూసిన అల్యూమినియం. చవకే గానీ, రెసిస్టెన్స్ ఎక్కువ, రెండుసార్లు వంచితే తెగుతుంది, కోసిన చోట ఉప్పు తేమ తగిలితే పొడి రాలుతుంది. నిఖార్సైన రాగిదే తీసుకోండి. పైతొడుగు నల్లగా, ఎండకు తట్టుకునే రకమై ఉండాలి. తెల్ల తొడుగు ఎండకు పెళుసుబారి పగులుతుంది. పొడవు గురించి కంగారు వద్దు. 24 గేజి రాగి తీగకు మీటరుకు సుమారు 0.084 ఓమ్‌లు. 30 మీటర్ల దూరానికి రానూ పోనూ 5 ఓమ్‌లు. రిలే కాయిల్ 75 మిల్లీ ఆంపియర్లు లాగినా పోయేది 0.4 వోల్టు. కేబుల్‌ను అరమీటరుకో క్లాంపుతో గోడకు బిగించండి, నీళ్ల పైపుకు కట్టకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఒడ్డు దాటిన ఊరిది. గాలికి పైపు ఊగితే దానితోపాటు తీగా తెగుతుంది.

ఇక సర్క్యూటు. ఆర్డునో పెట్టాలని చాలామందికి మనసవుతుంది. పెట్టొచ్చు, కానీ పక్కనే కాంటాక్టర్ టక్కుమన్న ప్రతిసారీ పుట్టే స్పార్క్ నాయిస్‌కు అది రీసెట్ అవడమో, బిగుసుకుపోవడమో చూసుకుంటూ కూర్చోవాలి. ఈ పనికి ఒక్క రిలే చాలు.

అడాప్టర్ పాజిటివ్ నుంచి ఆన్-ఆఫ్ స్విచ్, అక్కణ్ణుంచి సంపు ఫ్లోట్, అక్కణ్ణుంచి పై ఫ్లోట్, ఇవన్నీ ఒకే వరసలో. పై ఫ్లోట్ రెండో కొస నుంచి కాయిల్‌కు మూడు దారులు పక్కపక్కన ఇవ్వాలి: ఒకటి కింది ఫ్లోట్, రెండోది రిలే మొదటి పోల్ నార్మల్లీ ఓపెన్ (మామూలుగా విడిపోయి, రిలే ఆన్ అయితే కలిసే) కాంటాక్టు, మూడోది పుష్ బటన్. కాయిల్ రెండో కొస అడాప్టర్ నెగెటివ్‌కు. కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007, చార పాజిటివ్ వైపు. ఈ డయోడ్ మర్చిపోతే, కాయిల్ ఆఫ్ అయిన ప్రతిసారీ లేచే వోల్టేజీకి ఫ్లోట్‌లోని రీడ్ కాంటాక్టులు కాలి అతుక్కుపోతాయి.

నడిచే తీరు ఇది. నీళ్లు కింది ఫ్లోట్ కంటే దిగితే అది కలుస్తుంది, రిలే పడుతుంది (ఆన్ అవుతుంది), మోటారు లేస్తుంది. నీళ్లు ఎక్కి కింది ఫ్లోట్ విడిపోయినా రిలే తన సొంత కాంటాక్టుతోనే తనను పట్టుకుని ఉంటుంది. నిండి పై ఫ్లోట్ విడిపోగానే వదిలేస్తుంది. వాడకంతో నీళ్లు కాస్త తగ్గి పై ఫ్లోట్ మళ్లీ కలిసినా, పట్టు అప్పటికే పోయింది కాబట్టి మోటారు వెంటనే లేవదు. కరెంటు పోయి వచ్చినా అంతే, పావు వంతు దాకా ఆగుతుంది. తుఫాను హెచ్చరిక వచ్చి ముందే నింపుకోవాలంటే పుష్ బటన్ ఒకసారి నొక్కితే చాలు.

ఇందులో ఒక జాగ్రత్త దాగి ఉంది. పై ఫ్లోట్ తీగను ఎలుక కొరికినా, అతుకు ఊడినా, మోటారు ఆగిపోతుందే తప్ప ఆగకుండా తిరగదు. నిండినప్పుడు కలిసే ఫ్లోట్ పెట్టి ఉంటే తెగిన తీగ అర్థం ‘ట్యాంకు ఇంకా ఖాళీ’ అని, వీధంతా నీళ్లు.

మేడ మీదికి మూడే తీగలు కావాలి: పై ఫ్లోట్‌కు వెళ్లేది, రెండు ఫ్లోట్లు కలిసే చోటు నుంచి వచ్చేది, కింది ఫ్లోట్ నుంచి వచ్చేది. క్యాట్6లో ఎనిమిదుంటాయి. మిగిలినవాటిలో మూడింటితో సగం, ముప్పావు దగ్గర మరో రెండు ఫ్లోట్లు పెట్టి, ఒక్కోదానికి 1 కిలో ఓమ్ రెసిస్టర్‌తో ఎల్ఈడీ వెలిగించుకోవచ్చు. 12 వోల్టులకు సుమారు 10 మిల్లీ ఆంపియర్లు, అది చాలినంత వెలుగు. పిడుగుల కాలంలో పొడవాటి తీగలో వోల్టేజీ లేస్తుంది. పైనుంచి దిగే ప్రతి తీగకూ డబ్బాలో అడుగుపెట్టే చోట పి6కెఇ18ఎ డయోడ్ (మితిమీరిన వోల్టేజీని మళ్లించేది) ఒక్కోటి నెగెటివ్‌కు వేయండి, చార తీగ వైపు.

సంపులో మాత్రం చిన్న ఫ్లోట్ వేయకండి. మోటారు లాగేటప్పుడు నీటి మట్టం అలలాడుతుంది. పై ట్యాంకు కూడా ఖాళీగా ఉందంటే, సంపు ఫ్లోట్ కలిసి విడిపోయిన ప్రతిసారీ కాంటాక్టర్ టకటకలాడి, నిమిషాల్లో కాంటాక్టులు మాడతాయి. కేబుల్ ఫ్లోట్ తీగకు ఉన్న బరువును జరిపి, ఆన్‌కు ఆఫ్‌కు మధ్య కనీసం 30 సెంటీమీటర్ల తేడా వచ్చేలా అమర్చండి. దాని మూడు తీగల్లో బుంగ పైకి లేచినప్పుడు కలిసే జతను మీటరుతో వెతుక్కోండి, రంగుల్ని నమ్మొద్దు.

రిలే రెండో పోల్ ద్వారా 230 వోల్టులు కాంటాక్టర్ కాయిల్‌కు వెళ్తాయి, మోటారు నడిచేది కాంటాక్టర్ మీద. రిలే మీద 10 ఆంపియర్లు అని రాసి ఉంది కదా, 5 ఆంపియర్ల మోటారుకు నేరుగా వేస్తే పోలేదా అనిపిస్తుంది. ఆ అంకె హీటరు లాంటి లోడుకు. మోటారు లేచే క్షణంలో లాగే కరెంటు మామూలుకు ఐదారు రెట్లు, దానికి రిలే కాంటాక్టులు వెల్డయిపోతాయి. కాంటాక్టర్ కాయిల్‌కు అడ్డంగా 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 కెపాసిటర్, 100 ఓమ్‌లు వరసగా కలిపి వేస్తే స్పార్క్ తగ్గుతుంది. ఓవర్‌లోడ్‌ను మోటారు పలక మీది ఆంపియర్లకే తిప్పి పెట్టాలి. వెనక 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేది), సరైన ఎర్త్ తప్పనిసరి. ఈ 230 వోల్టుల భాగాన్ని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత చేయించండి. ఫ్లోట్ తీగల్లో 230 వోల్టులు ఏ కారణంగానూ పారకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ లేని చవక కెపాసిటర్ సప్లైలు మెయిన్స్ నుంచి వేరుపడి ఉండవు, అవీ వద్దు.

డబ్బా సంగతికొస్తే, ఉప్పు పొర గాలిలో తేమ 75 శాతం దాటితే నీటిని లాక్కుని తడిసిపోతుంది. మన ఊళ్లో ఆ 75 దాటడం ఎంత సేపు? బీచ్ రోడ్డు, లాసన్స్ బే, సాగర్ నగర్ వైపు వాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవాలి. గ్లాండ్లన్నీ డబ్బా అడుగునే పెట్టండి. కేబుల్ గ్లాండ్‌లోకి ఎక్కేముందు ఒక వంపు కిందికి దిగాలి, అప్పుడు నీటి చుక్క అక్కడే రాలుతుంది. అడుగున 3 మిల్లీమీటర్ల బెజ్జం ఒకటి వదలండి; పూర్తిగా బిగించిన డబ్బా రాత్రి చల్లబడ్డప్పుడు గ్లాండ్ సందుల్లోంచి తేమను పీల్చుకుని, దాన్ని లోపలే ఉంచుకుంటుంది. సిలికోన్ పూస్తే న్యూట్రల్ క్యూర్ రకమే తీసుకోండి. వెనిగర్ వాసన వేసేది ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదిలి రాగిని తినేస్తుంది.

టంకానికి 25 వాట్ల ఐరన్, లోపల ఫ్లక్స్ ఉన్న 60/40 తీగ చాలు. డబ్బాలో అమ్మే ఆమ్ల ఫ్లక్స్ పేస్టు రేకు పనికి సరే, సర్క్యూటు దగ్గరికి రానివ్వకండి. అయిపోయాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్‌తో జిడ్డంతా కడిగి, ఆరాక అక్రిలిక్ పూత కొట్టండి. రిలే, స్విచ్, కనెక్టర్ల మీద పూత పడకుండా కాగితం టేపు వేయాలి.

పని మొరాయిస్తే మీటరు నల్ల తీగను నెగెటివ్‌కు పెట్టి, పాజిటివ్ వరస వెంట నడవండి. సంపు ఫ్లోట్ దాటాక 12 వోల్టులు లేకపోతే సంపు ఖాళీ, లేదా ఆ తీగ పోయింది. పై ఫ్లోట్ దాటాక లేకపోతే ట్యాంకు నిండి ఉంది, లేదా బుంగ పాచి పట్టి పైనే ఇరుక్కుంది, లేదా ఆ తీగ పోయింది. కాయిల్ మీద 12 ఉండి కూడా టక్కు శబ్దం లేకపోతే రిలే మార్చండి. రిలే పడినా కాంటాక్టర్ గుయ్‌మంటుంటే లైన్ వోల్టేజీ చూడండి. 230 కాయిల్ నమ్మకంగా మూసుకోవడానికి 195 అయినా కావాలి. వోల్టేజీ బాగుండి కూడా గుయ్‌మంటే, మెయిన్ ఆపి, ఇనుప పోల్ ముఖాల మీద తుప్పు ఉందేమో చూసి తుడవాలి. రిలే వదిలినా మోటారు ఆగకపోతే మాత్రం కాంటాక్టర్ అతుక్కుంది, వెంటనే ఎంసీబీ దించేయండి. ఈ లోపాన్ని పై సర్క్యూటు ఏదీ ఆపలేదు. అందుకే ఓవర్‌ఫ్లో పైపును ఎప్పుడూ మూయకూడదు.

ట్యాంకు కడిగించినప్పుడల్లా బుంగల పాచి వేలితో తుడిచి, చేత్తో పైకి లేపి మోటారు ఆగుతుందో లేదో చూడండి. కడిగేవాళ్లు గొట్టాన్ని పక్కకు జరిపితే మళ్లీ నీటి ధార కింద పెట్టకుండా చూసుకోండి.