నుదుటి మీదికి ఎక్కని కళ్ళద్దాలు

పర్లాకిమిడిలో మాది గేట్లు, గ్రిల్స్ చేసే షెడ్డు. నిరుడు వేసవిలో గ్రైండర్ నలుసు ఎగిరి మా మేనల్లుడి కంట్లో పడింది. పనిలో కళ్ళకి రక్షణగా పెట్టుకునే కళ్ళద్దాలు లేక కాదు, అవి నుదుటి మీదున్నాయి. "చెవుల వెనక నొక్కేస్తోంది మావయ్యా, ఒక్క నిమిషం పైకెత్తాను" అన్నాడు. కన్ను నలుపుకోకుండా చేతులు పట్టుకుని శ్రీకాకుళం తీసుకెళ్ళాం. డాక్టరు ఇనుప రజను తీశారు, చూపు దక్కింది.

అప్పటినుంచి, పూటంతా ముఖం మీద ఉంచుకోలేని కళ్ళద్దాలు ఎంత గట్టివైనా నేను కొనను.

గట్టిదనం సంగతి కళ్ళద్దాల కాడ మీదే రాసి ఉంటుంది. ఐఎస్ 5983 (మన దేశపు ప్రమాణం), ఈఎన్ 166 (యూరప్‌ది), లేదా జడ్87+ (అమెరికాది), వీటిలో ఏదో ఒకటి కనబడాలి. ఈఎన్ మార్కులో ఎఫ్ అక్షరం ఉంటే, సెకనుకు 45 మీటర్ల వేగంతో వచ్చే చిన్న ఉక్కు గుండు దెబ్బని తట్టుకుందని అర్థం. అద్దం పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌ది అడగండి. చూపు కోసం పెట్టుకునే మామూలు కళ్ళజోడు ఈ పనికి చాలదు, పక్కలు ఖాళీ. దాని మీదుగా పెట్టుకునే వెడల్పాటివి దొరుకుతాయి.

ఇక అసలు పని షాపులోనే. పెట్టుకుని పది నిమిషాలు అక్కడే తిరగండి. తల వంచి ఊపండి, జారితే వద్దు. నవ్వి చూడండి, బుగ్గలు అద్దాన్ని పైకి నెడితే అది మీ ముఖానికి సరిపడదు. కనుబొమకీ ఫ్రేముకీ మధ్య వేలు దూరితే రవ్వ కూడా దూరుతుంది. కాడల చివర మెత్తటి రబ్బరు ఉండాలి, అవి పొడుగు సర్దుకునేవైతే పెద్ద తలవాళ్ళకి హాయి. ముక్కు మీది బిళ్ళలు వంగేవి తీసుకోండి, చప్పిడి ముక్కుకి గట్టివి నిలవవు.

మా వైపు వానాకాలం ఉక్కకి ఆవిరి పట్టడం పెద్ద బాధ. ఈఎన్ మార్కులో ఎన్ అక్షరం ఉంటే ఆవిరి పట్టని పూత ఉన్నట్టు. చుట్టూ స్పాంజి ఉన్నవి దుమ్ముని బాగా ఆపుతాయి కానీ లోపల చెమట నిలిచిపోతుంది. నేనైతే గోడ కోసేటప్పుడు మాత్రమే అవి వాడతాను.

పెరట్లో గడ్డి మిషన్ పట్టేవాళ్ళు ముఖానికి జాలీ ఉంది కదా అనుకోవద్దు. సన్న ఇసుక జాలీలోంచి వస్తుంది, లోపల కళ్ళద్దాలు ఉండాల్సిందే. ఎండలో నల్లద్దం సరే, షెడ్డులోకి తెల్లద్దమే. ఆ నల్లద్దంతో వెల్డింగ్ మాత్రం చూడకండి, దానికి వేరే షేడ్ ఉన్న హెల్మెట్ ఉంది.

లుంగీ అంచుతో పొడిగా తుడిస్తే రజను గీతలు పెడుతుంది, ముందు నీళ్ళతో కడగాలి. థిన్నర్ తగలనివ్వకండి, పాలికార్బొనేట్ పాడవుతుంది.

రాడ్డు పట్టుకునే కుర్రాడికి కూడా ఒక జత కావాలి. గేటు ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసం తలుపు పక్క మేకుకి ఇంకో రెండు తగిలించాను.