పిల్లికి పెరుగన్నం చాలదు: లక్షణం చూసి తిండి సరిచేయడం ఎలా?

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో తిరిగే పిల్లి ఎలుకను బొక్కలు, గుండెకాయతో సహా తింటుంది. దానికి కావాల్సినవి దాదాపు అన్నీ అందులోనే దొరుకుతాయి. ఇంట్లో పెంచే పిల్లికి మాత్రం మనం తినేదే పెడతాం: పాలు, పెరుగన్నం, కూరలో ముక్క. తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి.

పాలు తాగితే మోషన్స్

పెద్దయ్యాక చాలా పిల్లులకు పాలలోని లాక్టోజ్ అనే చక్కెర అరగదు. పాలు ఆపి నీళ్లు పెట్టండి. తల్లిలేని కూనలకు కూడా బర్రెపాలు వద్దు, వాటికోసం అమ్మే పాలపొడి కలిపి పట్టండి. పాలు ఆపినా తగ్గకపోతే నులిపురుగులేమో చూపించాలి.

నీరసం, ఆయాసం, చూపు తగ్గడం

నెలల తరబడి అన్నం మీదే బతికిన పిల్లిలో ఇవి కనిపిస్తే టారిన్ అనే పోషకం లోపాన్ని అనుమానించాలి. పిల్లి ఒంట్లో ఇది చాలినంత తయారు కాదు, మాంసం నుంచే రావాలి. లేకపోతే గుండె కండరం బలహీనపడుతుంది, కంటి రెటీనా దెబ్బతింటుంది. గుండె కొంత కోలుకోవచ్చు గానీ పోయిన చూపు తిరిగి రాదు. డాగ్ ఫుడ్ పెట్టినా ఇదే ప్రమాదం, అది పిల్లి అవసరాలకు చేసింది కాదు.

చికెన్ సెంటర్‌లో గుండెకాయలు, తొడ మాంసం అడగండి. రొమ్ము ముక్కల కంటే వీటిలో టారిన్ ఎక్కువ. కొద్ది నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లతోనే పెట్టండి, ఉడికేటప్పుడు టారిన్ వాటిలోకి దిగుతుంది. బొక్కలు తీసేయాలి. ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లి పడకముందే దాని వాటా పక్కకు తీయండి. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను పాడుచేస్తాయి. మసాలా కడిగేసి పెట్టినా లాభం లేదు.

కూన కుంటుతోంది

ఒట్టి మాంసం కూడా పూర్తి తిండి కాదు, అందులో కాల్షియం చాలా తక్కువ. ఎదిగే కూనల ఎముకలు మెత్తబడి కొద్దిగా దూకినా విరగొచ్చు. అందుకే రోజువారీ తిండి ‘కంప్లీట్’ అని రాసి ఉన్న క్యాట్ ఫుడ్ కావాలి, మాంసం దాని పక్కన కొద్దిగా. ఇష్టంగా తింటుందని కార్జం రోజూ పెట్టొద్దు, విటమిన్ ఎ ఎక్కువై మెడ ఎముకలు బిగుసుకుపోతాయి.

మగపిల్లి ముక్కుతోంది, మూత్రం రావట్లేదు

ఇది మలబద్ధకం అనుకుని ఆగొద్దు. మూత్రనాళం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి. మన పశువుల దవాఖానల్లో బర్రెలు, మేకలే ఎక్కువ కనిపిస్తాయి, అయినా పిల్లిని తీసుకెళ్లడానికి మొహమాటం వద్దు.

గండం గడిచాక తిండి సంగతి చూడాలి. పొడి క్యాట్ ఫుడ్ గింజల్లో నీరు పదో వంతే. నాలుగు కిలోల పిల్లికి తిండిలోని నీటితో కలిపి రోజుకు సుమారు 200 మిల్లీలీటర్లు కావాలి. పాలమూరు, నల్లగొండ ఎండల్లో తడి తిండి పెంచండి, రెండు మూడు చోట్ల నీళ్ల గిన్నెలు పెట్టండి. ఎండుచేపలు మానేయండి, ఉప్పు ఎక్కువ.

కొత్త తిండి ముట్టడం లేదు

7 నుంచి 10 రోజులు పాతదానిలో కొంచెం కొంచెం కలుపుతూ మార్చండి. ‘ఆకలైతే అదే తింటుంది’ అనే మొండితనం ఇక్కడ పనికిరాదు. లావుగా ఉన్న పిల్లి కొద్ది రోజులు పస్తుంటే కాలేయానికి కొవ్వు పడుతుంది. రోజంతా ఏమీ తినకపోతే చూపించండి. జ్వరమేమోనని పారాసిటమాల్ మాత్రం వేయకండి, చిన్న ముక్క కూడా పిల్లిని చంపేయగలదు.