ముడి విడిపోకుండా: మూడు దాట్ల ముడి నమూనా

గణితంలో ముడికి కొసలుండవు, రెండు కొసలూ కలిపేసి ఉంటాయి. తాడు తన మీదుగా తానే వెళ్లే చోటు దాటు. నూలు తాడు కొసలకు టేపు చుడితే పిల్లలు లాగేసరికి జారిపోయేది; విడిపోదని చెప్పిన ముడే విడిపోయేది.

మేస్త్రీల లెవల్ పైపుతో కుదిరింది. ముడికి మీటరున్నర తీసుకోండి. పొట్టిదైతే మడతపడి నలుగుతుంది. నల్లగొండ బత్తాయి తోటల డ్రిప్పు పైపు మరీ బిరుసు, వద్దు. ముడి వేశాక కొసలను వేడినీళ్లలో ముంచి, బిగుతుగా పట్టే 6 సెంటీమీటర్ల వెదురు పుల్లను చెరి సగం దూర్చాలి. చల్లారితే గట్టిగా పట్టేస్తుంది.

ముడి ఉత్త వలయం కాదని చూపడానికి మూడు రంగులు వేసి చూడాలి; రంగులకు బట్టల క్లిప్పులు చాలు. ఒక దాటు కింద మొదలై మరో దాటు కిందికి వెళ్లే ముక్కంతా ఒకే రంగు. ప్రతి దాటులో మూడు ముక్కలూ ఒకే రంగు, లేదా మూడూ వేర్వేరు. ఉత్త వలయానికి రెండో రంగు పట్టదు, మూడు దాట్ల ముడికి మూడూ పడతాయి. ముడిని తెంపకుండా ఎంత కదిపినా ఈ రంగుల గుణం మారదు, అందుకే అది వలయం కాదు. నాలుగు దాట్ల ముడికీ పట్టవు, అయినా అది వలయం కాదు. మూడు రంగులూ పడితే వలయం కాదు, పట్టకపోతే మాత్రం ఏదీ తేలదు: ఈ తేడా తప్పక చెప్పండి.