అండమాన్‌లో వాన పట్టిన రోజును ఎలా గడపాలి?

విశాఖపట్నం నుంచి అండమాన్‌కు వెళ్ళే కుటుంబాలను చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. ఐదు రోజుల యాత్రలో ఒక రోజు వాన పట్టిందంటే సగం మంది హోటల్ గదిలో దుప్పటి ముసుగు వేసుకుని, పెట్టిన డబ్బంతా నీళ్ళపాలయిందని వాపోతారు; మిగిలిన సగం మంది వాన వెలిసీ వెలియక ముందే సముద్రంలోకి పరుగెత్తుతారు. మొదటి రకం వారికి పోయేది ఒక రోజు మాత్రమే. నా భయమంతా రెండవ రకం వారి గురించే.

నైరుతి ఋతుపవనాలు జూన్ 1 ప్రాంతంలో కేరళకు చేరితే, అండమాన్‌ను మే నెల మూడవ వారానికే తాకుతాయి. అవి వెళ్ళిపోయాక అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతపు అల్పపీడనాల వంతు వస్తుంది. కనుక అక్కడ వాన పడడం వింతేమీ కాదు, యాత్రలో ఒక రోజును దాని కోసం ముందే కేటాయించుకోవాలి.

సామగ్రి విషయం త్వరగా ముగిస్తాను. మనిషికొక రెయిన్‌కోటు, వెనుక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు, టార్చిలైటు, ఫోనుకూ నోట్లకూ రెండేసి ప్లాస్టిక్ సంచులు తీసుకోండి. గొడుగు వద్దు, సముద్రపు గాలికి అది రెండు నిమిషాల్లో తిరగబడుతుంది. జీన్స్ ప్యాంట్లు అసలే వద్దు, ఒకసారి తడిస్తే మీరు విశాఖకు తిరిగి వచ్చినా ఆరవు. ఇంటి నుంచి ఒక డబ్బా జంతికలు తప్పనిసరి.

మొదటి పని: వాన వచ్చే సూచన ముందు రోజే కనిపిస్తే చిన్న దీవులకు దాటకుండా పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండిపోండి. (2024లో ఆ ఊరి పేరును శ్రీ విజయపురంగా మార్చినా, మన వైపు వారికి ఇంకా పాత పేరే నోట ఆడుతోంది.) వాతావరణం చెడితే పడవలు ఆపేస్తారు, ఆపినప్పుడు రేవు దగ్గర సిబ్బందితో వాదనకు దిగడం దండగ. తిరుగు విమానానికి కనీసం ఒక రోజు ముందుగానే స్వరాజ్ ద్వీప్ (పాత పేరు హావ్‌లాక్ దీవి) నుంచి తిరిగి రావాలన్నది నేను ఎన్నడూ తప్పని నియమం.

రెండవ పని: ఉదయమే సెల్యులార్ జైలుకు వెళ్ళండి. అందరూ ఎండలో వెళ్ళి పెరట్లో ఫోటోలు దిగి వచ్చేస్తారు గానీ, ఆ జైలును చూడవలసింది వానలోనే. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఆ కట్టడానికి ఒకప్పుడు ఏడు విభాగాలు ఉండేవి, ఇప్పుడు మిగిలినవి మూడు. ఒక విభాగంలోని గదుల ముఖం పక్క విభాగం వీపు వైపు ఉండేటట్లు కట్టడం వల్ల ఒక ఖైదీకి మరొక ఖైదీ ముఖం కనిపించేది కాదు. వాన పడుతుండగా ఒక గదిలోకి వెళ్ళి నిలబడితే, ఎత్తున ఉన్న చిన్న కిటికీ నుంచి చప్పుడు తప్ప మరేమీ లోపలికి రాదు. పిల్లలకు అక్కడ గాం మల్లుదొర గురించి చెప్పండి. మన మన్యంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన ఆయన అండమాన్ శిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. జైలు తరువాత మానవశాస్త్ర ప్రదర్శనశాల, సముద్రిక మ్యూజియం చూసుకుంటే మధ్యాహ్నం అవుతుంది. హోటల్ వారు పెట్టే పాటల పోటీలకు ఆగిపోకండి.

మూడవ పని ఒక్కటే కష్టమైనది. మధ్యాహ్నం మూడు గంటల వేళ వాన వెలిసి, మబ్బు విడి, ఎండ కాస్తుంది. గదిలో విసిగిపోయిన వారందరూ ఒక్కసారిగా నీళ్ళ వైపు నడుస్తారు. వాన ఆగినంత మాత్రాన సముద్రం శాంతించదు, దూరాన గాలి లేపిన అలలు గంటల తరబడి ఒడ్డుకు వస్తూనే ఉంటాయి. విశాఖ వారికి ఇక్కడ ఒక అదనపు ప్రమాదం ఉంది: పుట్టినప్పటి నుంచి సముద్రం చూస్తున్నామన్న ధీమా.

ఒకసారి స్వరాజ్ ద్వీప్‌లోని రాధానగర్ తీరంలో మా బావమరిది, "బావా, మన ఋషికొండ కంటే ఇదే నయం, ఇక్కడ అలే లేదు చూడు" అంటూ మోకాలి లోతుకు దిగాడు. అల లేని ఆ చోటే అసలు ప్రమాదం. అలలు ఒడ్డుకు తోసిన నీరంతా ఒక సన్నని దారి చేసుకుని వెనక్కి పోతుంది. ఆ దారిలో అల విరగదు కనుక చూపుకు అది ప్రశాంతంగా ఉంటుంది. అతని మడమల కింద ఇసుక జారిపోవడం, రెండు అడుగులు తానుగా వేయకుండానే ముందుకు పోవడం నేను కళ్ళారా చూశాను. రక్షక సిబ్బంది ఈల వేసి, చేయి పట్టి లాగారు. చెప్పులు మాత్రం దక్కలేదు.

కనుక దిగే ముందు కాస్త ఎత్తైన చోట నిలబడి పావుగంట నీటిని చూడండి. రెండు పక్కలా అలలు విరుగుతూ నడుమ నున్నగా ఉన్న పట్టీ, బురద రంగు చార, లోపలికి సాగిపోతున్న నురుగు, వీటిలో ఏది కనిపించినా ఆ చోట పాదం కూడా తడపకండి. ఎర్రజెండా ఉంటే ఇక చూడవలసిన పనే లేదు. పొరపాటున చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకూడదు. తీరం వెంట పక్కకు ఈది, లాగుడు తగ్గాక అలలతో పాటు బయటకు రావాలి. ఈత చాలకపోతే వెల్లకిలా తేలుతూ చేయి ఎత్తి పిలవండి.

వాగు సముద్రంలో కలిసే చోటికి పిల్లలను పంపకండి. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్ళు ఉన్నాయి; 2010లో రాధానగర్ ప్రాంతంలోనే ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. వాన నీటితో వాగు ఎర్రబారినప్పుడు మోకాలి లోతులో ఉన్నది కూడా కంటికి ఆనదు. హెచ్చరిక బోర్డు ముందు నిలబడి ఫోటో దిగి, ఆ బోర్డును దాటి వెళ్ళే వారిని ఏమనాలో నాకు తెలియదు. తడిసిన పగడపు రాళ్ళ మీద నడక, బరువెక్కిన కొబ్బరి చెట్ల కింద కూర్చోవడం కూడా మానుకోండి. ఇన్ని జాగ్రత్తల తరువాత చేయవలసినది ఏమిటంటే, ఆరిన ఇసుక మీద నడవడం. నాకు అదే చాలు, మీకూ చాలాలి.

తిరుగు నడక త్వరగా మొదలుపెట్టండి. మన గడియారాలను నడిపించే రేఖాంశం కాకినాడ దగ్గరగా పోతుంది. పోర్ట్‌బ్లెయిర్ దానికి సుమారు 10 డిగ్రీలు తూర్పున ఉంది. అంటే సూర్యుడి లెక్కన 40 నిమిషాలు ముందన్నమాట. మబ్బు తోడైతే ఐదు దాటగానే దారి కనిపించదు, పైగా ఇసుక ఈగలు కుట్టేది కూడా ఆ వేళకే. గదికి చేరాక తడి బట్టలను బాల్కనీలో కాక ఫ్యాను కింద ఆరవేసి, జంతికల డబ్బా తెరిచి, మర్నాటి పడవ బయలుదేరుతుందో లేదో పడుకోబోయే ముందు ఫోను చేసి కనుక్కోండి.