ల్యాప్‌టాప్ బ్యాటరీ శాతం తప్పు చూపిస్తుంటే

30 శాతం ఉందని చూపిస్తూనే ల్యాప్‌టాప్ ఒక్కసారిగా ఆగిపోతోందా? టెన్షన్ పడకండి, చాలాసార్లు లెక్క తప్పేది బ్యాటరీ మీటరే. ముందు 100 శాతం ఛార్జ్ చేసి, ఇంకో రెండు గంటలు ప్లగ్‌లోనే ఉంచి, తర్వాత స్లీప్ సెట్టింగ్ ఆపేసి, పనంతా సేవ్ చేసుకుని, దానంతట అదే ఆగిపోయేదాకా బ్యాటరీ మీదే నడవనివ్వండి. కొన్ని గంటలాగి, మధ్యలో తీయకుండా మళ్లీ ఫుల్ ఛార్జ్ చేయండి. దీంతో కెపాసిటీ పెరగదు, లెక్క సరిపడుతుంది అంతే. రెండు మూడు నెలలకోసారి చాలు, లిథియం అయాన్ బ్యాటరీని మాటిమాటికీ సున్నాకి దించితే త్వరగా దెబ్బతింటుంది.

ఛార్జ్ ఎక్కువసేపు రావాలంటే స్క్రీన్ వెలుగు తగ్గించండి. బ్యాటరీ ఎక్కువ ఏళ్లు రావాలంటే మాత్రం వేడి తగలనివ్వకండి, గాలి ఆడని పరుపు మీద అస్సలు పెట్టొద్దు. ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంటుందా? సెట్టింగ్స్‌లో ఉంటే 80 శాతం లిమిట్ పెట్టేయండి. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే ఇవేవీ చేయకుండా వాడకం ఆపి మార్పించండి.