చామంతి అనుకున్న రోజుకు పూయకపోతే: వెలుతురు వేళల్లో వచ్చే సమస్యలు, వాటి పరిష్కారాలు

కుప్పం, పలమనేరు, వి.కోట ప్రాంతాల్లో పాలీహౌస్‌లోనో షేడ్‌నెట్ కిందో చామంతి వేసే రైతుకు పువ్వు బాగా రావడం ఎంత ముఖ్యమో, అది అనుకున్న వారంలో రావడమూ అంతే ముఖ్యం. తిరుమల బ్రహ్మోత్సవాలకు, తిరుచానూరు అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాలకు, ధనుర్మాసానికి పలికే ధర పది రోజులు దాటితే ఉండదు. పూత తప్పినప్పుడు చాలామంది ముందుగా ఎరువును, ఆ తర్వాత నారును అనుమానిస్తారు. వాటికన్నా ముందు రాత్రిపూట తోటలోకి వెళ్లి చూడాలని నా గట్టి అభిప్రాయం.

చామంతి మొగ్గ తొడగాలా వద్దా అన్నది రాత్రి ఎంతసేపు ఎడతెగని చీకటి దొరికిందన్న దానిపై ఆధారపడి ఉంటుంది; ఆ చీకటి పొడుగైతే మొగ్గ వేస్తుంది, పొట్టిదైతే ఆకులు, కొమ్మలే పెంచుతుంది. ఆకుల్లోని ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఎర్రని వెలుతురును పసిగట్టి ఆ చీకటిని కొలుస్తుంది. తిరుపతిలో జూన్ చివర పగలు దాదాపు 12 గంటల 55 నిమిషాలు, డిసెంబరులో సుమారు 11 గంటల 20 నిమిషాలు ఉంటుంది. తెల్లవారుజాము, మునిమాపు వెలుతురు కూడా కలిస్తే వేసవి పగలు మరింత పెరిగి, చాలా రకాలకు మొగ్గ పడే హద్దు దగ్గరికి చేరుతుంది. ఇక్కడ వెలుతురు లెక్కలో చిన్న పొరపాటు జరిగినా పూత తారుమారు కావడానికి ఇదే కారణం.

మొక్క జానెడైనా పెరగకుండానే మొగ్గ వేస్తోంది

అక్టోబరు తర్వాత నాటిన తోటల్లో ఇది తరచూ కనిపిస్తుంది. నాటిన నాటి నుంచే రాత్రులు పొడుగ్గా ఉండటంతో మొక్క పెరుగుదల మాని పూతకు దిగుతుంది. కాండం కావలసిన ఎత్తుకు చేరేవరకు రోజూ రాత్రి 10 నుంచి 2 గంటల దాకా బల్బులు వెలిగించి చీకటిని రెండు ముక్కలు చేయాలి. మొక్కల కొసల దగ్గర సుమారు 100 లక్స్ (వెలుతురు తీవ్రతకు కొలత) వెలుతురు అందితే చాలు. దీపాలు ఆపిన తర్వాత రకాన్ని బట్టి సుమారు 8 నుంచి 10 వారాలకు పువ్వు కోతకు వస్తుంది కాబట్టి, అమ్మదలచిన తేదీ నుంచి వెనక్కి లెక్కగట్టి ఆపే రోజును నిర్ణయించుకోవాలి.

దీపాలు రోజూ వెలుగుతున్నా మొగ్గలు వస్తుంటే టైమర్‌ను పరీక్షించాలి. గుండ్రని పలక చుట్టూ చిన్న పిన్నులుండే టైమర్లలో బ్యాటరీ లేని రకం కరెంటు పోయినంతసేపూ ఆగిపోయి, తిరిగి వచ్చాక ఆగిన చోటి నుంచే నడుస్తుంది. రోజుకో గంట కోత ఉంటే నాలుగు రోజుల్లో నాలుగు గంటలు వెనకబడి, రాత్రి 10కి వెలగవలసిన దీపం తెల్లవారుజామున 2కి వెలుగుతుంది. అప్పుడు మొక్కకు సాయంత్రం నుంచి ఏడు గంటలకు పైగా ఏకధాటి చీకటి దొరుకుతుంది. పగలు తోటకు వెళ్లే రైతుకు ఇది ఎన్నటికీ కనబడదు. బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్‌కు మారడం, వారానికొకసారి పలకను చేతి గడియారంతో సరిచూడటం, కోతలు ఎక్కువైతే దీపాలను ఇన్వర్టర్‌కు కలపడం దీనికి మందు.

తోటంతా పూసినా ఒక అంచున వరుసలు పచ్చగానే ఉన్నాయి

బయటి దీపమే ఇందుకు కారణం. వీధి దీపం కావచ్చు, పక్క షెడ్డు మీది ఫ్లడ్‌లైటు కావచ్చు. అమావాస్య దగ్గరి రోజుల్లో ఆ వరుసల మధ్య నిలబడి, కాగితం మీది సన్నని అక్షరాలు చదవగలుగుతున్నారేమో చూడండి. చదవగలిగితే ఆ వెలుతురును అనుమానించవలసిందే. పున్నమి వెన్నెలకు భయపడనవసరం లేదు, అది అంతకంటే చాలా బలహీనం. ఆ వైపు నల్ల పాలిథీన్ పట్టను మొక్కల ఎత్తుకు మించి కట్టాలి, లేదా దీపానికి రేకు మూత అమర్చమని పొరుగువారిని అడగాలి.

బ్రహ్మోత్సవాల కోసం జూలైలో నల్ల పట్ట కప్పి రాత్రిని పొడిగించినా మొగ్గ ఆలస్యమవుతోంది

ఇక్కడ తప్పు చీకటిది కాదు, వేడిది. ఎండ తగ్గకముందే సాయంత్రం ఐదింటికి నల్ల పట్ట దించితే లోపలి వేడి 30 డిగ్రీలు దాటి, మొగ్గ ఏర్పడటం మందగిస్తుంది. పలమనేరు ఎత్తు మీద ఉండటం వల్ల కొంత నయమే గాని, తిరుపతి, రేణిగుంట వైపు దీన్ని తప్పించుకోవడం కష్టం. పట్టను సాయంత్రం ఆరున్నరకు దించి, ఉదయం ఎనిమిదింటికి తీయాలి. పూర్తిగా చీకటి పడ్డాక, బయట దీపాలు లేని చోట, పక్కలు పైకెత్తి వేడిని పోనిచ్చి, తెల్లవారకముందే మళ్లీ దించవచ్చు. పట్టలో సూదిమొనంత చిల్లులున్నాయేమో పగలు లోపల నిలబడి చూస్తే మిణుకుమంటూ కనిపిస్తాయి. మొగ్గ రంగు చూపేవరకు కప్పడం మానకూడదు.

నడిమొగ్గ పడి, అక్కడే ఆగిపోయి, చుట్టూ కొమ్మలు వస్తున్నాయి

కొన్ని రాత్రులు చీకటి దొరికి, ఆ తర్వాత దీపం తిరిగి వెలిగిందని దీనర్థం. మధ్యలో మాడిన బల్బులు, కరెంటు కోతలు ఎప్పుడు వచ్చాయో గుర్తుచేసుకోండి. ఆ మొగ్గను గిల్లేసి, బలమైన పక్క కొమ్మలను ఎంచుకుని, అవి తగినంత పెరిగేవరకు దీపాలను తప్పకుండా వెలిగించి ఆ తర్వాతే చీకటికి వదలాలి.

కణుపుల మధ్య దూరం పెరిగి కాండం సన్నగా సాగుతోంది

పాత తీగ బల్బుల్లో ఎర్రని వెలుతురుతో పాటు దూర ఎరుపు (ఎరుపుకు అవతల, మన కంటికి సరిగా కనబడని వెలుతురు) కూడా ఎక్కువగా ఉంటుంది. కాండాన్ని సాగదీసేది అదే. తెల్ల ఎల్‌ఈడీలకు మారితే మొగ్గను ఆపే ఎరుపు చాలినంత అందుతుంది, కరెంటు ఖర్చూ తగ్గుతుంది. అయితే నీలం రంగు దీపాలను మాత్రం ఈ పనికి కొనవద్దు.