బత్తాయి తొక్కతో బులవార్డియర్ కలిపే పద్ధతి

విస్కీలో నీళ్లో సోడానో తప్ప మరొకటి కలపని మన నల్లగొండ ప్రాంతంలో, చేదు లిక్కర్‌ను దానికి జత చేయడమంటే చాలామందికి వింతగా తోచవచ్చు. కానీ కాకరకాయ పులుసును ఇష్టంగా తినే నాలుకకు ఈ చేదు పరాయిది కాదని, రెండు మూడు గుక్కల్లోనే అలవడుతుందని నా అనుభవం.

బులవార్డియర్ అనే కాక్‌టెయిల్‌కు కావలసినవి విస్కీ, కంపారి అనే ఎర్రటి ఇటలీ చేదు లిక్కర్, మూలికలు కలిపిన ద్రాక్షసారా అయిన తీపి వెర్మూత్. 1920ల చివర పారిస్‌లో ఎర్స్కిన్ గ్విన్ అనే అమెరికా రచయిత నడిపిన పత్రిక పేరే దీనికి వచ్చింది. ఆ నగరంలో హ్యారీస్ న్యూయార్క్ బార్ నడిపిన హ్యారీ మెకెల్‌హోన్ 1927లో దీని గురించి రాసినప్పుడు మూడింటినీ సమపాళ్లలో చెప్పాడు. ఆ కొలతలో కంపారి చేదు ముందుకు వచ్చి విస్కీ వెనుకబడుతుంది కనుక, ఇప్పుడు ఎక్కువమంది 45 మిల్లీలీటర్ల విస్కీకి 30 కంపారి, 30 వెర్మూత్ కలుపుతున్నారు. మొదటిసారి కలిపేవారికి నేనూ ఇదే చెబుతాను. ఈ లెక్కన ఒక్క గ్లాసులో ఉండే ఆల్కహాల్ పెద్ద పెగ్గు విస్కీని మించుతుంది. కాబట్టి దీన్ని నెమ్మదిగా తాగాలి, తాగిన తర్వాత బండి జోలికి పోకూడదు.

విస్కీ ఎంపికలో తొందర పనికిరాదు. మన దుకాణాల్లో చవకగా దొరికే విస్కీల్లో చాలావాటికి మూలం చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్ కావడంతో, కంపారి పక్కన వాటి రుచి నిలబడదు. కనీసం 51 శాతం మొక్కజొన్నతో చేసి, లోపలి భాగం కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో నిల్వ ఉంచే బోర్బన్ అనే అమెరికా విస్కీ తీపివాసనతో చేదును తనలో కలుపుకుంటుంది. అది దొరకకపోతే పొగవాసన లేని మన దేశపు సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీలో మొలకెత్తిన బార్లీతో చేసే విస్కీ) వాడవచ్చు.

వెర్మూత్ నిజానికి ద్రాక్షసారాయే. మన మాచిపత్రి జాతికే చెందిన ఒక చేదు మొక్క నుంచి దానికి ఆ పేరు వచ్చింది. మూత తీసిన తర్వాత విస్కీలాగా అలమరలో ఉంచితే, ముఖ్యంగా మన ఎండలకు, రుచి త్వరగా చెడిపోతుంది. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి నెల రోజుల్లోగా వాడేయాలి. కాక్‌టెయిల్ బాగా కుదరలేదని చెప్పే చాలా ఇళ్లలో తప్పు ఇక్కడే జరుగుతుంది.

కలిపే ముందు గ్లాసును ఫ్రీజర్‌లో ఉంచండి. వెడల్పాటి పాత్రలో మూడింటినీ పోసి, పెద్ద ఐసు ముక్కలు నిండుగా వేసి, పొడవాటి చెంచాతో సుమారు 30 సెకన్లు తిప్పండి. చిన్న ముక్కలు మన వేసవిలో క్షణాల్లో కరిగి పానీయాన్ని పలచన చేస్తాయి. ఐసుకు ఉప్పదనం ఉన్న బోరు నీళ్లు కాకుండా తాగే మంచినీళ్లే వాడాలి. ఇందులో పండ్ల రసం లేదు కనుక షేకర్‌లో ఊపనవసరం లేదు. ఊపితే నురగ వచ్చి మసకబారుతుంది.

వడగట్టిన తర్వాత పైన నారింజ తొక్క పిండడం ఆనవాయితీ. మన తోటల్లో పండే సాత్‌గుడి బత్తాయి శాస్త్రప్రకారం తీపి నారింజే కనుక, దాని తొక్కను నేను నిస్సంకోచంగా వాడతాను. లోపలి తెల్లటి పొర రాకుండా పలుచగా చెక్కి, పైభాగం గ్లాసు వైపు ఉండేలా వంచి నొక్కితే నూనె తుంపరలు పానీయంపై పడి, తాగకముందే పరిమళం ముక్కుకు తగులుతుంది. మందుల పిచికారీ జరిగిన కాయలు కావచ్చు కాబట్టి ముందుగా బాగా కడగాలి.

రుచి కుదిరిన తర్వాత మార్పులకు పూనుకోవచ్చు. చేదు ఎక్కువనిపిస్తే కంపారిని 20కి తగ్గించండి, లేదా రెండు చుక్కల ఉప్పునీరు వేయండి. ఉప్పు చేదును అణచివేస్తుంది. బోర్బన్ బదులు రై అనే ధాన్యంతో చేసే రై విస్కీ పోస్తే తీపి తగ్గి మిరియాల వంటి ఘాటు పెరుగుతుంది. ఆ రైతోనే తీపి వెర్మూత్ స్థానంలో డ్రై వెర్మూత్ వాడితే అది ఓల్డ్ పాల్ అనే వేరే కాక్‌టెయిల్ అవుతుంది. దానిలో తీపి చాలా తక్కువ కనుక బత్తాయి తొక్క కంటే నిమ్మతొక్కే బాగా పొసగుతుంది.